మా నాన్నగారికి వచ్చింది కామెర్లు కాదు

అట్లతద్ది మర్నాడు పొద్దున్న నాకు మొదటిసారి విరేచనంలో రక్తం పడింది. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. కొబ్బరిచెట్ల మధ్య కంద వేస్తాం. కంద తింటే మొలలు తగ్గుతాయని మా వైపు గట్టి నమ్మకం. అత్తగారు వేడి చేసిందన్నారు, నేను మొలలే అనుకున్నాను. ఆర్నెల్లపాటు కంద బచ్చలి వండుకు తిన్నాను. ఇంట్లోవాళ్ళకి కంద పేరెత్తితే విసుగొచ్చింది గానీ, నాకు రక్తం ఆగలేదు.

నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తోంటే మావారు అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళారు. హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉందని, కాకినాడ వెళ్ళి, పేగులోకి కెమెరా పంపి చూసే కొలనోస్కోపీ చేయించుకోమని రాసిచ్చారు. అక్కడి డాక్టరమ్మగారు స్క్రీన్ చూపించారు. పెద్దపేగు లోపలంతా పెసలు చల్లినట్టు బుడిపెలు.

"ఇవి పాలిప్స్ అండి, వందల్లో ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చిందా?"

లేదని ధీమాగా చెప్పాను. నా చిన్నప్పుడే నాన్నగారు కామెర్లతో పోయారు. నాకు తెలిసింది అదే.

బయాప్సీలో ఒకచోట క్యాన్సర్ తేలింది. చూడ్డానికొచ్చిన మా మేనత్త అప్పుడు బయటపెట్టింది.

"మీ నాన్నకి కామెర్లు కాదమ్మాయ్, పేగులో క్యాన్సరే. మీ తాతగారూ దాంతోనే పోయేరు. బయటికి పొక్కితే నీకు సంబంధాలు రావని మీ అమ్మా నేనూ దాచేం."

అమ్మ ఆ మాట తనతోనే తీసుకుపోయింది. నా పెళ్ళి నిక్షేపంగా జరిగింది. క్యాన్సరూ నిక్షేపంగా పెరిగింది.

పాలిప్స్ పుట్టి క్యాన్సరయ్యే ఈ జబ్బుని ఎఫ్.ఎ.పి. అంటారట. తల్లిదండ్రుల్లో ఒకరికుంటే పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం. ముందే తెలిస్తే చిన్నప్పట్నుంచీ స్కోప్ చేసి చూస్తూ, క్యాన్సర్ కాకముందే ఆపరేషన్ చేసేవాళ్ళమని డాక్టరమ్మగారు అన్నారు. మేనత్త మీద ఒళ్ళు మండింది. ఆవిడ ఏడుస్తోంటే నేనే మంచినీళ్ళిచ్చాను.

పెద్దపేగు తీసేశారు. కొన్నాళ్ళు విరేచనానికి పొట్టమీద బ్యాగ్. కుట్లు చీము పట్టి మళ్ళీ ఆస్పత్రి, ఆ తర్వాత కీమో. ఇప్పుడు పనులు చేసుకుంటున్నాను. ఎవరింటికెళ్ళినా ముందు బాత్రూం ఎక్కడుందో చూసుకుంటాను.

మా అమ్మాయికి పధ్నాలుగేళ్ళు. జీన్ టెస్టులో దానికీ ఉందని వచ్చింది. నా జబ్బుకి నేను అంత ఏడవలేదు. ఏటా స్కోప్ చేయిస్తున్నాం, పాలిప్స్ ఇంకా చిన్నవే. ఆడపిల్ల కదా, నలుగురికీ చెప్పొద్దని అత్తగారంటారు. ఈ ఒక్క విషయంలో ఆవిడ మాట వినను.

మీ ఇంట్లో పోయినవాళ్ళు ఏ జబ్బుతో పోయారో పెద్దవాళ్ళని అడగండి, వాళ్ళు నొచ్చుకున్నా సరే. మా అమ్మాయికి నేను అన్నీ చెప్పేశాను. అంతా విని, "రేపు నా పిల్లలకీ నేను ఇలాగే చెప్పాలా అమ్మా?" అంది.

చెప్పాలన్నాను.