పూలి పెద్దమ్మ కాల్చిన కేకు

చండ్రుగొండ దగ్గరి మా ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి పేరు పూలి. అరవై మందికి ఒంటిచేత్తో వండిపెట్టేది. మేమంతా పెద్దమ్మా అనేవాళ్లం. ఆమె నోరు మంచిది కాదు గానీ చెయ్యి మంచిది. నా నోరూ అంతంతమాత్రమే కాబట్టి మా ఇద్దరికీ రోజుకో పంచాయితీ ఉండేది.

2006లో నేను పదో తరగతి. అమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. లెక్కల్లో ఫస్టు వచ్చానని ఉదయశ్రీ టీచర్ హైదరాబాద్ నుంచి చాక్లెట్ కేకు పొడి డబ్బా తెచ్చి ఇచ్చారు. డబ్బా మీద గుండ్రంగా, నల్లగా నిగనిగలాడే కేకు బొమ్మ. అచ్చం అలాంటి నిండు కేకును నా పుట్టినరోజున అందరి ముందూ కోయాలని నా పంతం. అప్పటిదాకా నేను కేకు కోసిందే లేదు. ఉన్నది ఒక్కటే డబ్బా, చెడితే మళ్లీ రాదు.

పుట్టినరోజు ఆదివారం వచ్చింది. ఆ పొద్దున డబ్బా మీది ఇంగ్లీషు నేనే చదివాను. గుడ్లు, నూనె, నీళ్లు అన్నాడు, సరే. ఆ తర్వాత ఓవెన్ అన్నాడు, నూట ఎనభై డిగ్రీలు అన్నాడు.

"నూట ఎనభై అంటే ఎంత మంట పిల్లా?" అంది పెద్దమ్మ.

"నాకేం తెలుసు?"

"తెల్వకుంటే పక్కకు జరుగు."

పెద్ద డేగిశాలో వాగు ఇసుక పోసి పొయ్యి మీద పెట్టింది. ఇసుక కాలాక మూడు రాళ్లు వేసి, పిండి పోసిన స్టీలు గిన్నెను వాటి మీద నిలిపింది. మూత పెట్టి, దాని మీద నిప్పులు పరిచింది. ముప్పావుగంటకు వాసన వరండా దాకా వచ్చింది. చీపురుపుల్ల కడిగి కేకులో గుచ్చితే కాస్త తడి అంటింది.

"ఇంకా ఉడకలే పెద్దమ్మా!"

"ఇంకా ఉంచితే గట్టి రొట్టె అయితది. మిగిలిన వేడికి అదే మగ్గుతది."

చల్లారాక గిన్నె బోర్లిస్తే కేకు మెత్తగా, ఒక్క పగులు లేకుండా దిగింది. నేను పరుగున వెళ్లి కొత్త బట్టలు వేసుకొని వచ్చేసరికి అందులోంచి ఒక ముక్క కోసేసి ఉంది.

నాకు ఒళ్లు మండింది. "నాకంటే ముందు నువ్వు తిన్నవా? గింత సేపు ఆగలేకపోయినవా?" అని పిల్లలందరి ముందూ అరిచాను.

ఆమె పొయ్యి వైపు చెయ్యి చూపింది. నిప్పుల మీద నెయ్యి చిటపటలాడుతోంది, ఆ నేతిలో నా ముక్క కాలుతోంది. మా లంబాడీ తండాల్లో మంచిరోజున ముందుగా నిప్పుల మీద నెయ్యీ తీపీ వేసి, పోయినవాళ్లను పేరు పెట్టి పిలుస్తారు. దాన్ని భోగ్ అంటాం. అమ్మ పోయాక నా పుట్టినరోజుకు ఆ పని ఎవరూ చేయలేదు.

"మొన్న మీ నాయన వచ్చినప్పుడు మీ అమ్మ పేరు అడిగి తెలుసుకున్న," అంది పెద్దమ్మ. "హీరీ, నీ బిడ్డ పదో తరగతికి వచ్చింది, వచ్చి ఇంత తిని పో అని పిలిచిన."

రెండేళ్లుగా ఆ హాస్టల్లో ఎవరి నోటా వినని పేరు అది. నేనూ ఎవరికీ చెప్పలేదు. అక్కడే కూలబడి ఏడ్చాను. ఆమె చేసిన మేలు ఈ జన్మలో మరిచిపోను.

తర్వాత ఆ ఖాళీ పక్కనే కత్తి పెట్టి కోశాను. మొదటి ముక్క పెద్దమ్మ నోట్లో పెట్టాను.

"తీపెక్కువైంది," అంది, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.