అద్దంకి నుంచి ఢిల్లీకి రెండు గంటలే అనుకున్నాను

మా చెల్లెలి కూతురి పెళ్లి ఢిల్లీలో. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తీసుకురావలసిన మేనమామను నేనొక్కణ్ణే. గంపకు ఒక పక్క నేను చెయ్యి వేస్తే చాలు, బరువు కుర్రాళ్లు చూసుకుంటారు. బావగారు రెండు రోజుల ముందే రైల్లో వచ్చెయ్యమన్నారు. నా పుస్తకాల పిచ్చిని ముప్పయ్యేళ్లుగా నలుగురిలో వెక్కిరించిన మనిషి చెప్పాడు కాబట్టే వినలేదు. అట్లాసు మీద స్కేలు పెట్టి కొలిచాను. హైదరాబాదు నుంచి ఢిల్లీకి సుమారు పన్నెండు వందల యాభై కిలోమీటర్లు, విమానంలో రెండు గంటల చిల్లర. "పొద్దున అద్దంకిలో కాఫీ తాగి, సాయంత్రం మీ పందిట్లో ఉంటాను బావగారూ" అని ఫోన్లో కోతలు కోశాను.

విమానం మధ్యాహ్నం మూడింటికి, ముహూర్తం రాత్రి ఎనిమిదిన్నరకి. పొద్దున ఆరింటికి బాడుగ కారెక్కాను. బాడుగే టికెట్టులో సగమైంది. మిరప కోతల రోజులు. పిడుగురాళ్ల దాకా బస్తాల ట్రాక్టర్లు రోడ్డంతా ఆక్రమించాయి.

"ఇవన్నీ దాటేసరికి మీ విమానం ఢిల్లీ వెళ్లి తిరిగొచ్చేస్తదండీ" అన్నాడు డ్రైవరు.

"నోరు మూసుకుని హారన్ కొట్టవయ్యా" అన్నాను.

హైదరాబాదులో బేగంపేట విమానాశ్రయం చేరేసరికి రెండు దాటింది. పెట్టె అప్పగించి, చేతిసంచితో తనిఖీకి వెళ్లాను. సంచిలో చెల్లెలు అడిగిన కొత్త కారం, రెండు కిలోలు.

"కారం లోపలికి రానివ్వరు పెద్దాయనా. ఎవరి కళ్లలోనైనా కొడితే?" అన్నాడు కానిస్టేబులు. తెలుగువాడే.

"ఈ వయసులో విమానం హైజాక్ చేస్తానటయ్యా?"

"చెయ్యరు లెండి. ఇక్కడ వదిలేసి వెళ్లండి, టైమవుతోంది."

వదిలేసి పోవలసింది. బదులుగా ఉపన్యాసం మొదలుపెట్టాను. మిరపకాయ అసలు మన పంటే కాదని, సముద్రాలు దాటి ఓడల్లో వచ్చిందని, ఓడెక్కినది విమానం ఎందుకెక్కకూడదని నిలదీశాను. పై అధికారిని పిలిపించాను. ఆయన వచ్చి అదే మాట చెప్పాడు. ఈలోగా గేటు మూసేశారు.

తరువాతి విమానం సాయంత్రం. ఈసారి కారం మారుమాట్లాడకుండా అక్కడే వదిలేశాను. పెళ్లివారి హాలుకి చేరేసరికి భోజనాలు సగం అయ్యాయి. బావగారి దెప్పిపొడుపులకు జవాబులు దారంతా కూర్చుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు. "అలిసిపోయారు, ముందు కాళ్లు కడుక్కోండి" అన్నారాయన, అంతే.

గంపకు ఎవరు చెయ్యి వేశారని మేనకోడల్ని అడిగాను.

"మా బాబాయి వేస్తానన్నాడు మావయ్యా. నాన్న ఒప్పుకోలేదు. అది మీ చోటన్నాడు. మీ కోసం చివరిదాకా చూసి, మండపానికి నడిచే వచ్చాను."

ఆ పిల్ల ముఖం చూడలేక పందిరి గుంజ వైపు తిరిగాను. బావగారి మీద ముప్పయ్యేళ్లుగా దాచుకున్న కోపాన్ని ఇప్పుడు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఆయన ఒక్క మాట అని ఉంటే హాయిగా తిరిగి అని ఉండేవాణ్ణి.

మా వైపు నుంచి వెళ్లేవాళ్లకు ఒక సలహా. గాలిలో ఉండే రెండు గంటలకు రోడ్డు మీద ఎనిమిది, విమానాశ్రయంలో రెండు కలుపుకోండి. శుభకార్యానికైతే ముందు రోజే వెళ్లండి.