బర్రె మెచ్చిన పెద్ద తెర

పోయిన ఆదివారం మా ఇంట్ల ఇరవై కుర్చీలు నిండినయంటే నమ్ముతరా? నమ్మండ్రి. కానీ ఎవ్వరూ నా కోసం రాలే, సినిమా కోసం గూడ రాలే. ఏమైందో చెప్త, నవ్వొద్దు మరి!

మాది నేత ఇల్లు. నేను మాత్రం మేళ్లచెరువుల సిమెంట్ ఫ్యాక్టరీల, లారీల కాటా దగ్గర క్లర్కును. నా భార్య పాలమూరు దవాఖానల నర్సు, బిడ్డ ఆమె దగ్గర్నే చదువుతాంది. నేను ఇక్కడ కిరాయి ఇంట్ల ఒక్కణ్ణే. వచ్చి ఆర్నెల్లయింది, మా గేటు దాటి లోపలికి వచ్చిన మనిషి లేడు. పొద్దుగూకితే నాతో మాట్లాడేది కుక్కర్ విజిలే.

ఈ మధ్య బస్సెక్కి పట్నం పోయి, ఆడ ఉన్న జెయింట్ స్క్రీన్ మీద సినిమా చూసొచ్చిన. అబ్బ! హీరో కన్ను ఒక్కటే మా ఇంటంత ఉంది. "చూసినవా!" అని పక్కకు తిరిగితే సీటు ఖాళీ. ఆ మాట ఊరికొచ్చేదాక కడుపులనే ఉండె.

తెల్లారి చాయ్ హోటల్ సైదులు దగ్గర కక్కేసిన. "పదేండ్లు ఆగు సైదులూ, అన్ని సినిమాలూ గా పెద్ద తెరకే తీస్తరు!"

"ఏడ తీస్తరు సార్!" అన్నడు చాయ్ వడగడుతూ. "ఉన్న టాకీసే ఫంక్షన్ హాలాయె. జనానికి చేతుల ఫోన్ సాలు. గంత తెర పెట్ట జాగేది, చూడ తీరికేది?"

రోషమొచ్చింది నాకు. హోటల్ల చాయ్ తాగుతున్నోళ్ల దిక్కు తిరిగి, "ఆదివారం ఏడింటికి అందరూ మా ఇంటికి రాండ్రి! తెర పెద్దదైతే ఏమైతదో చూపిస్త!" అన్న. రోషం పేరుకే. నలుగురు నా వాకిట్ల కూసుంటే చూడాలని ఆశ, అంతే.

దోస్తు దగ్గర ప్రొజెక్టర్ అడిగి తెచ్చిన. మా బాపు నేసిన తెల్ల దుప్పట్లు ఆరు కలిపి కుట్టించిన. ముడతలుంటే హీరో ముసలోడి లెక్క కనపడడా? నేతగాని బుద్ధి యాడికి పోతది! బకెట్ నిండా బియ్యం గంజి కాసి, మగ్గానికి ఎక్కించే పడుగు నూలుకు పట్టించినట్టు దుప్పట్లకు దట్టంగ పట్టించిన. ఆరినంక రెండు కట్టెలకు కట్టి పాతితే అట్ట లెక్క నిలబడ్డది. కుర్చీలు ఇరవై తెప్పించిన. గేటు బార్లా తెరిచిన.

ఏడయింది. ఎవరూ రాలే. సప్పుడు వినన్న వస్తరని సినిమా పెట్టిన. ఏడున్నర. ఇరవై కుర్చీలు, నేనొక్కణ్ణే.

అప్పుడు గేటు కాడ అడుగులు! పానం లేచొచ్చింది. ప్రొజెక్టర్ మీద వంగి ఉన్న, తల తిప్పకుండనే, "రాండ్రి రాండ్రి, ముందల కూసోండ్రి!" అన్న.

ముందలికే పోయింది. తాడు తెంపుకొని వచ్చిన పక్కింటి యాదమ్మ బర్రె!

తిన్నగ తెర కాడికి పోయి హీరో గడ్డం నాకింది. గంజి కదా, రుచి తగిలింది. ఇగ నమిలుడు మొదలువెట్టింది. "హేయ్! హేయ్!" అని ఉరికిన. అది బెదిరి గుంజింది. కట్టెలు కూలినయి, దుప్పట్లు కొమ్ములకు చిక్కినయి. వాకిట్ల బర్రె తిరుగుతాంది, దాని మీద ఫైటింగ్ నడుస్తాంది!

"అయ్యో, నా బర్రె బట్ట మింగింది!" యాదమ్మ కేకకు చూడండ్రి, సినిమాకు రాని వాడకట్టంత వచ్చింది! సైదులు గూడ. బర్రె మూర కంటె ఎక్కువ బట్టనే మింగింది. "నెమరేసేదాక చూడాలె. నెమరేస్తే ఫికర్ లేదు," అన్నది యాదమ్మ. అందరూ కుర్చీలల్ల కూసున్నరు. ఇరవై నిండినయి!

చాయ్ పెట్టిన. ఉన్న రెండు గ్లాసులతోనే వంతులేసుకొని తాగిన్రు. "మీది ఏ ఊరు సార్? పిల్లలెందరు?" అని అడిగిన్రు. ఆర్నెల్లకు అడిగిన్రు! పాపమని తెలుసు గానీ, ఆ బర్రె ఇంకో గంట నెమరెయ్యకుంటే బాగుండు అనుకున్న.

అది సల్లగ దవడ ఆడించింది. "హమ్మయ్య!" అని అందరూ లేచిన్రు. ఐదు నిమిషాలల్ల వాకిలి ఖాళీ.

సైదులు గేటు కాడ ఆగి, "మీరన్నది నిజమే సార్, పెద్ద తెర పెడితే జనం వస్తరు," అని నవ్వుకుంట పోయిండు.

ఇయ్యాల మళ్ల ఆదివారం. ప్రొజెక్టర్ తిరిగిచ్చేసిన, దుప్పట్లు చింపులైనయి. అయినా గేటు బార్లా తెరిచే ఉంచిన. వాకిట్ల బకెట్ నిండా గంజి పెట్టిన. బర్రె వస్తే, దాన్ని ఎతుక్కుంట నలుగురన్న రారా?