భిక్షం కట్టిన ఎర్రగుడ్డలు

భిక్షం ఏ ఇంటికి పనికి వచ్చినా ముందు మురుగు చూసేవాడు కాదు, కొళాయిలు చూసేవాడు. వంటింట్లో ఎన్ని, పెరట్లో ఎన్ని, మేడమీద ఎన్ని అని అడిగి, సంచిలోంచి ఎర్రగుడ్డ పీలికలు తీసి ఒక్కో కొళాయికి ఒకటి ముడి వేయించేవాడు. ఆ గుడ్డ ఉన్నంతసేపు ఇంట్లో ఎవరూ చుక్క నీళ్ళు వదలకూడదు. పైన వదిలిన నీళ్ళు కింద పనిచేసేవాడి ముఖాన పడతాయి. అతనికి అక్షరం రాదు. ఆ గుడ్డలే అతని బోర్డు.

అతనిది రహమత్ నగర్‌లో రేకుల ఇల్లు. పొద్దున్నే మురుగు పొడిచే వెదురుబద్దల కట్ట సైకిలుకి కట్టుకుని, తొక్కలేక నెట్టుకుంటూ జూబ్లీ హిల్స్ ఎక్కేవాడు. ఆ రోజుల్లో మా రోడ్డులో ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకే. అతని మాట కటువు. నవ్వగా నేను చూసింది తక్కువ. దారిలో ఎవరి కొళాయి ఊరికే కారుతున్నా సైకిలు ఆపి, దాన్ని కట్టేసి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయేవాడు.

అతని అన్న పోచయ్యదీ ఇదే పని. షేక్‌పేటలో ఒక ట్యాంకు మూత తీసిన వెంటనే దిగాడట. లోపలి గాలికి రెండో మాట అనకుండానే పడి ప్రాణం వదిలాడు. ఆ రోజు తాడు పట్టుకుని గట్టుమీద నిలబడ్డవాడు భిక్షమే.

ఎనభై ఎనిమిదిలో నేను త్రినాథరావుగారింట్లో వంట చేసేవాణ్ణి. ఆయన సినిమాలు తీసేవారు. వరసగా రెండు పోయేసరికి వాస్తు సిద్ధాంతిని పిలిపించారు. ఈశాన్యంలో మురుగు చాంబరు మూత కనపడుతుంటే లక్ష్మి ఎలా నిలుస్తుందన్నాడాయన. చాంబరుని అక్కణ్ణించి జరపడం కుదరలేదు. అమ్మగారు బాలాత్రిపురసుందరి ఆ మూత మీదే గచ్చు చేయించి, పాలరాతి తులసికోట కట్టించారు. రోజూ దీపం పెట్టింది నేనే. ఏమాటకామాటే, నాకూ తప్పనిపించలేదు.

మూడో నెల దాటలేదు. ఒక శుక్రవారం పొద్దున కింది స్నానాలగది తూములోంచి నల్లటి నీళ్ళు ఎదురుతన్ని, పక్కనే ఉన్న పెద్దావిడ గదిలోకి వచ్చాయి. పెద్దావిడంటే అమ్మగారి అత్తగారు, అనసూయమ్మగారు. షుగరు మనిషి, కుడి మడమ మీద మానని పుండు. మంచం మీద కాళ్ళు ముడుచుకుని రామనామం చెప్పుకుంటున్నారు. అయ్యగారు మద్రాసులో ఉన్నారు. మర్నాడు మధ్యాహ్నం హీరోగారినీ ఆయన మనుషులనీ భోజనానికి వెంటబెట్టుకు రావాలి. వాచ్‌మన్ నర్సింహ పరిగెత్తి భిక్షాన్ని పిలుచుకొచ్చాడు.

భిక్షం గడపలోనే ఆగి గది కలియజూశాడు.

"మెయిన్ బంద్ చెయ్యి పంతులూ. ఫ్యాను వైరు నీళ్ళల్ల ఆడుతున్నది, కండ్లు లేవా మీకు?" అన్నాడు నాతో. తర్వాత మంచం వైపు తిరిగి, "పెద్దమ్మా, కాలు కింద పెట్టకు. గా పుండుకు గీ నీళ్ళు తగిల్తె కాలే పోతది" అన్నాడు.

నేను మెయిన్ ఆపి వచ్చాక, తన రబ్బరు బూట్లు విప్పి నర్సింహకిచ్చాడు. నర్సింహ అవి తొడుక్కుని పెద్దావిణ్ణి ఎత్తుకుని వరండాలో కుర్చీలో కూర్చోబెట్టాడు. నేను కొళాయిలన్నిటికీ గుడ్డలు కట్టాను, మేడమీద అమ్మగారి స్నానాలగదితో సహా.

అమ్మగారు చేతిలో ఆ పీలికతోనే మెట్లు దిగారు. "నా కొళాయికి గుడ్డ కట్టిందెవరు?"

"నేనేనండీ. భిక్షం కట్టమన్నాడు."

"వాడు కట్టమంటే నా మెడకీ కడతావా? రేపు ఇంటికి పెద్దవాళ్ళు వస్తుంటే వీడి ఎర్రగుడ్డల తిరునాళ్ళొకటి." పీలిక నా కాళ్ళ దగ్గర పడేసి పైకి వెళ్ళిపోయారు. పది నిమిషాల్లో కింద తూము గుడగుడమంది. నల్లనీళ్ళు గడప దాటి హాల్లోకి వచ్చాయి.

భిక్షం సీలింగు వంక చూశాడు. "తానాలు మంచిగ నడుస్తున్నయ్" అన్నాడు.

తర్వాత బయటికి వెళ్ళి గడ్డపార మొనతో గచ్చు తట్టుకుంటూ వచ్చి తులసికోట దగ్గర ఆగాడు. "చాంబర్ మూత దీని కిందనేనా?"

తల తుడుచుకుంటూ వచ్చిన అమ్మగారు అడ్డంగా నిలబడ్డారు. "దాని జోలికి వెళ్ళావంటే ఊరుకోను. వెనకాల ట్యాంకు ఉందిగా. దిగి అటునుంచి పొడువు."

"దిగ."

"మురుగుపని చేసేవాడివి, మురుగులో దిగవా?"

"మురుగుపనోన్నే. సచ్చే పనోన్ని గాదు."

"రెండు నిమిషాలు ముక్కు మూసుకుంటే సరిపోయేదానికి ఎందుకీ నాటకాలు?"

"అయితె మీరు దిగున్రి, ముక్కు మూస్కోని. నేను తాడు పట్టుకుంట."

ఆ ఇంట్లో అమ్మగారితో అలా మాట్లాడినవాళ్ళు లేరు. ఆవిడ ముఖం కందగడ్డలా అయింది. "నర్సింహా, నువ్వు దిగు. కాదంటావా, నీ పెట్టె సర్దుకుని గేటు బయటికి పో."

నర్సింహకి ఇద్దరు ఆడపిల్లలు. అవుట్‌హౌసులో కాపురం. చొక్కా విప్పి తీగమీద వేసి పెరట్లోకి నడిచాడు. అతను వెళ్ళేసరికి భిక్షం ట్యాంకు మూతమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"లెవ్వన్నా. నా నౌకరి పోతది."

"పోనియ్."

"నీదేం పోయింది, అంటవ్ మంచిగ. నా పిల్లలకు నువ్వు పెడ్తవా కూడు?" నర్సింహ అతని భుజం పట్టి లాగాడు. భిక్షం లేవకుండానే చెంపమీద ఒక్కటి వేశాడు.

"మా అన్న గూడ గిట్లనే అంగి విప్పి తీగెకేసిండు. గా అంగి ఇంక మా ఇంట్ల మేకుకే ఉన్నది. పోయి చూసి రా, అటెన్క దిగుదువు."

అమ్మగారు పెరటి మెట్లమీద నిలబడి అన్నారు: "ఈ రోడ్డులో ఏ గుమ్మంలోనూ నీకు పని లేకుండా చేస్తాను, చూడు."

మా రోడ్డులో ఎనిమిది ఇళ్ళు అతనివి. అవి పోతే ఏం తింటాడో అతనికి తెలుసు. "చెయ్యున్రి" అని మాత్రం అన్నాడు.

అప్పుడు వరండాలోంచి అనసూయమ్మగారు పిలిచారు. ఆవిడ గొంతు పెద్దది కాదు, అయినా అందరం విన్నాం. "సుందరీ, తులసమ్మకి మొక్కే ఇంట్లో మనిషిని గోతిలోకి దింపుతారటమ్మా? పంతులూ, మొక్కని మన్నుతో సహా తీసి నా పక్కన పెట్టు."

అమ్మగారు తలుపు ధడాలున వేసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

భిక్షం వెంటనే మూత దిగలేదు. ముందు నర్సింహ చేత చొక్కా తొడిగించాడు. తర్వాత తులసికోటకి దూరంగా నిలబడి, "గీ చేతుల్తోని నేను ముట్ట. నువ్వు తియ్యి పంతులూ, అప్పుడు గడ్డపార ఏస్త" అన్నాడు. నేను చేతనైన శ్లోకం చెప్పుకుంటూ మొక్కని వేళ్ళు తెగకుండా గంపలోకి తీశాను. అంతసేపూ అతను తలమీది తుండు తీసి చేత్తో పట్టుకునే ఉన్నాడు.

గచ్చు పగిలింది. చాంబరు మూత లేపి, వెనకాల ట్యాంకు మూత కూడా తీశాడు. అందరినీ వెనక్కి తరిమాడు. వాసనకి నేను వెలిగించిన ఊదుబత్తి చూసి మండిపడ్డాడు. "అది ఆర్పు. గీ గాలికి నిప్పు తగిల్తె ఎవ్వడు మిగలడు." తన బీడీకట్ట కూడా గేటు అవతల పెట్టి వచ్చాడు. గాలి పోవాలని గంటకు పైగా కూర్చున్నాక, గట్టుమీద నిలబడే వెదురుబద్దలు ఒకదానికొకటి కట్టి లోపలికి తోశాడు. చివరికి బద్దకి తగులుకుని ఒక గోనెసంచి వచ్చింది, సిమెంటుతో రాయిలా గట్టిపడి. తులసికోట కట్టిన మేస్త్రీ వదిలిపెట్టిన సంచి అది. మురుగు గుటక వేసినట్టు దిగిపోయింది.

పరుపు బయట పారేయించాడు. నేల కడిగి బ్లీచింగ్ పౌడరు చల్లమన్నాడు. చాంబరు పక్కనే నీళ్ళ సంపు ఉంది. దాన్ని తోడి కడిగేదాకా ఆ నీళ్ళు వంటకి కూడా ముట్టుకోవద్దని నాకు రెండుసార్లు చెప్పాడు. మర్నాటి వంటకి పక్కింటి నీళ్ళు మోసుకొచ్చాను.

అతను చేతులు కడుక్కోవడానికి నీళ్ళు లేవు. వంటింట్లో నిన్న పట్టిన ఇత్తడిబిందె ఉంటే తెచ్చి, సబ్బిచ్చి పోశాను. మోచేతులదాకా రెండుసార్లు రుద్దుకున్నాడు. కిటికీలోంచి అమ్మగారు, "ఆ బిందె మళ్ళీ లోపలికి తేకు" అన్నారు. తేలేదు. నేను మానేసేదాకా అది బయటే ఉంది, అతను వచ్చినప్పుడు పోయడానికి పనికొస్తుందని. కాని అతను మళ్ళీ రాలేదు. అమ్మగారు అన్నంత పనీ చేశారు. నెలలోపే ఎనిమిది ఇళ్ళూ అతనికి గేటు తియ్యడం మానేశాయి.

ఆ సాయంత్రం అతను వెళ్తుంటే నర్సింహ చెంప తడుముకుంటూ గేటు తీశాడు. ముఖం చూడలేదు.

"నీతోని నాకు మాటల్లేవు పో. అమ్మ ముంగట నా ఇజ్జత్ తీసినవ్" అన్నాడు.

భిక్షం బద్దల కట్ట సైకిలుకి కట్టుకుంటూ అన్నాడు: "మాటలొద్దు తియ్. పొద్దుగూకింది, ఇంట్లకు వోయి నీ పెండ్లాం చేతి బువ్వ తిను. మా వదినె వండి ఎవ్వనికి పెడ్తది?"