నిప్పు బాబాయి బిగించిన తొట్టి

మా బాబాయి చేసేది నీళ్ల పని, వీధంతా పిలిచేది మాత్రం నిప్పు అని. ఎవరింట్లో పైపు విప్పినా ముందు తిట్టాల్సిందే. "ఏ దరిద్రుడు బిగించాడయ్యా దీన్ని!" అంటూ ఆ కనబడని మనిషి ఏడు తరాలూ ఎత్తి తిట్టాకే పానా పట్టేవాడు. జనం నవ్వుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండేది. ఇంటికొచ్చాక ఆ నోరే మా పిన్ని మీద పడేది మరి.

పిన్నికి కీళ్లవాతం. చెంబు భుజం దాటి లేవదు, షవరు కింద నిలబడదామంటే మోకాళ్లు మొరాయిస్తాయి. రోజూ నేనే నీళ్లు పోసేదాన్ని. సిగ్గుతో కళ్లు మూసుకుని కూర్చునేది. "తలుపు గడియ పెట్టుకుని నా స్నానం నేను చేసుకోవాలే, అంతే," అనేది.

ఆమధ్య మేం కొన్న పాత ఇల్లు బాగుచేస్తుంటే వెనక గదిలో చెత్త కింద ఇనుప స్నానాల తొట్టి బయటపడింది. నాలుగు కాళ్లదీ, బరువైనదీ. పిన్ని అంచు నిమిరి, "ఇది నాకు కావాలి," అంది. ఆమె నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి.

ఇక బాబాయిని పట్టలేకపోయాం. తుప్పు గీకాడు, లోపల తెల్లగా పూత వేయించాడు. అడుగు కన్నానికి ఇప్పటి పైపులేవీ అతకకపోతే పాత సామాన్ల కొట్లన్నీ గాలించి సరిపడే ఇత్తడి ముక్క పట్టుకొచ్చాడు. తొట్టిని స్నానాల గదిలో బిగించి, నీళ్లు పోయే వాటం చూసి నేలంతా టైల్సు పరిచాడు. "ఒక్క చుక్క కారితే నా పేరు మార్చుకుంటా!" నిజమే, కారలేదు. అన్నీ కొలిచాడు మహానుభావుడు, పిన్ని కాలు ఎంత ఎత్తు లేస్తుందో తప్ప.

ఆమె అంచు పట్టుకుని కాలెత్తింది. జానెడు లేచి ఆగిపోయింది. మళ్లీ ఎత్తింది. మళ్లీ ఆగింది.

"దానికేముంది, రోజూ నేనెత్తి కూర్చోబెడతాగా," అన్నాడు బాబాయి.

"మళ్లీ ఇంకొకరి చేతుల్లోకేనా?" ఇల్లంతా అదిరేలా అరిచింది పిన్ని. "నేనేమన్నా బిందెనా, ఎత్తి దించడానికి? ఊరందరి పనికీ వంకలు పెడతారే, నన్నొక్క మాట అడిగారా?"

నేనూ ఊరుకోలేదు. "పిన్ని కోసం కాదు బాబాయ్, నీ గొప్ప కోసం బిగించుకున్నావు," అన్నాను.

మర్నాడు బాబాయి సుత్తీ ఉలీ పట్టుకుని తను పరిచిన టైల్సు తనే పగలగొట్టాడు. కాళ్లు తీసేసి తొట్టిని నేలకు దించాలంటే అడుగు పైపంతా లోతుగా తవ్వి మళ్లీ వేయాలి. అలవాటుగా "ఏ దరిద్రుడు..." అని మొదలెట్టి టక్కున ఆగాడు.

"ఆగావేం బాబాయ్, బాగా తిట్టు వాణ్ని," అన్నాను. నాకేం జాలి కలగలేదు.

ఈసారి పిన్నికి కుర్చీ వేసి ప్రతిదీ అడిగాడు. అంచు ఎంత ఎత్తుండాలి, కుళాయి ఎటు తిరగాలి, పట్టుకునే రాడ్డు ఎక్కడ. ఆమె కోపంగానే చెప్పింది. ఆయన చెప్పినట్టే చేశాడు.

తొట్టి సిద్ధమైన రోజు పిన్ని బట్టలతోనే అంచు మీద కూర్చుని, కాళ్లు ఒక్కొక్కటిగా లోపలికి తిప్పి చూసుకుంది. మళ్లీ బయటికొచ్చి, నీళ్లు వదిలి, మా ఇద్దర్నీ పొమ్మంది. లోపల గడియ పడింది.

కాసేపటికి బాబాయి తలుపుకి చెవి ఆనించి, "వేడి సరిపోయిందా?" అన్నాడు.

"ఇంకా అక్కడే ఉన్నారేం? పొండి అవతలికి!"

వీధిలో ఎవరి మాటా పడని మనిషి, మారు మాట్లాడకుండా పోయాడు.