ఆ చివరి సందు ఎక్కనివ్వలేదు

పక్కింటి ఆంటీ పోయారు. మొన్న పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "మామ్ ఈజ్ గాన్" అని ఏడ్చింది. గుండెపోటట. అప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు. కూర్చుంటే లేస్తాను, ఎందుకు లేచానో తెలియదు.

ఈ చలిదేశంలో, టాలట్ అనే ఊళ్ళో, మా గోడ అవతలే ఆమె ఇల్లు. ఇరవై ఏళ్ళు ఇక్కడే నర్సు. కరోనా తొలి ఏడాదంతా వార్డులో నలిగిపోతూనే, మా గుమ్మంలో చేపల పులుసు గిన్నె పెట్టి, దూరంగా నిలబడి "తిన్నావటే?" అని అరిచేవారు. ఆమె లేకపోతే ఒంటరితనంతో నాకు పిచ్చెక్కిపోయేది.

మరుసటి ఏడు ప్రయాణాలు తెరిచారు. ఆమె అప్పుడే రిటైరయ్యారు. "ఇక్కడి సముద్రంలో కాలు పెడితే చలి ఎముకలు కొరికేస్తుందే. ఒక్కసారి వెచ్చటి సముద్రం చూపించు" అన్నారు. స్పెయిన్ తీసుకెళ్ళాను.

తీరా వెళ్ళాక బీచ్ వైపు కన్నెత్తి చూస్తేగా! హోటళ్ళ వెనకున్న పాత ఊరు పట్టుకున్నారు. సున్నం గోడలు, ఇద్దరు పక్కపక్కన నడవలేని సందులు, అరిగిన మెట్లు. వార్డులో రౌండ్స్‌కి వెళ్ళినట్టే తిరిగారు, కుడివైపు గోడ వదలకుండా, గుమ్మం గుమ్మానికీ ఆగుతూ. వీధిలో కుర్చీ వేసుకున్న ఒక ముసలావిడను తెలుగులోనే "మోకాళ్ళ నొప్పులా అమ్మా?" అని పలకరించారు. ఆవిడ స్పానిష్‌లో ఏకరువు పెట్టింది. నాకు ఒళ్ళు మండింది.

"ముఖ్యమైనవి చూసేసి పోదాం ఆంటీ!"

"ముఖ్యమైన బెడ్లని వేరే ఉండవే. ఏ బెడ్డూ దాటెయ్యకూడదు, అంతే."

ఆఖరి రోజుకి ఒక్క సందు మిగిలింది, కొండ అంచుకు ఎక్కేది. పైనుంచి సముద్రపు గాలి కొడుతోంది. ఆమె రెండు మెట్లు ఎక్కారు. నేను ఫోన్‌లో టైము చూసి కసిరాను. "ఫ్లైట్ పోతే ఎవరిది పూచీ? ఆ కరోనా ఫారాలూ సర్టిఫికెట్లూ చూడ్డానికే గంట పడుతుంది. దిగండి!"

డాక్టర్లనే నిలదీసిన మనిషి, నా కసురుకి దిగొచ్చేశారు. "సరేలే, మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం" అన్నారు.

ఇంకెక్కడి మళ్ళీ? పాపిష్టి నోరు నాది. మీరే చెప్పండి, దేనికంత తొందర?

ఎయిర్‌పోర్టుకు వెళితే ఫ్లైట్ మూడు గంటలు లేటు. తల దించుకుని కూర్చున్నాను. నాలుగు తిట్టినా బాగుండేది. ఆమె బూట్లు విప్పి, వాచిన పాదాలు సూట్‌కేసు మీద పెట్టుకుని, సంచిలోంచి నారింజపండు తీసి వొలిచారు. తొనల మీది పీచంతా ఓపిగ్గా తీసి, పెద్ద సగం నా చేతిలో పెట్టారు.