మైకాయన గొంతు, బావమరిది పాస్‌వర్డ్

మైకాయన పొద్దుటి నుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. కిటికీ దాకా పోతాడు, పరదా సర్దుతాడు, మళ్ళీ వచ్చి కంప్యూటర్ ముందు కూలబడతాడు. కూర్చున్నా మోకాలు ఊగుతూనే ఉంటుంది. తెర మీద చిన్న పెట్టె ఒకటి పాస్‌వర్డ్ అడుగుతోంది. అది ఆయనకు తెలియదు. తెలిసినవాడు బావమరిది.

బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మైకులో చెప్పడం మొన్నటిదాకా ఆయన ఉద్యోగం. సగం ఊరికి ఆయన మొహం తెలియదు గానీ గొంతు తెలుసు. ఆ గొంతుకే జబ్బు చేసింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు అన్నారు డాక్టర్లు. కావలసిన మాటలు ముందే రికార్డు చేసి పెట్టుకోమన్నారు. ఆయన ఆ మైకు గదిలోనే కూర్చుని తోచినవన్నీ చెప్పేశాడు. ఇప్పుడు కీబోర్డు మీద ఒక్కో మీట నొక్కితే ఒక్కో మాట స్పీకర్లోంచి వస్తుంది, అచ్చం ఆయన గొంతుతోనే.

తీరా వాడుకోవడం మొదలుపెట్టాక గానీ, తాను చెప్పినవేమిటో తెలిసిరాలేదు. మంచినీళ్ళు ఇవ్వు. అన్నం పెట్టు. టీవీ తగ్గించు. భార్యతో అనేవన్నీ ఇవే. బట్టల కొట్లో సాయంత్రం దాకా కుట్లు విప్పి, కుట్లు వేసి, ఇంటికొచ్చి వంట చేసే మనిషిని 'నువ్వు తిన్నావా' అని అడిగే మాట ఒక్కటి లేదు. ఆపరేషన్ భయంలో కూడా ఆ మాట తోచలేదు. గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకు తల కొట్టేసినట్టుండేది.

కాగితం మీద రాసి చూపించవచ్చు. ఆయనకు మనసొప్పలేదు. ఆ మాట తన గొంతుతోనే అనాలి. పాత మాటలు కోసి అతికితే కొత్త మాట తయారవుతుంది. అందుకో ప్రోగ్రాం వేసుకోవాలి, దానికి పాస్‌వర్డ్ కావాలి, అది కావాలంటే బావమరిదికి సంగతి చెప్పాలి. 'మీ అక్కని తిన్నావా అని అడగడానికి' అని ఏ మొహం పెట్టుకుని చెబుతాడు?

బావమరిది కాలేజీ ల్యాబులో కంప్యూటర్లు చూసుకుంటాడు. బావ కంప్యూటర్లో విండోస్ బదులు లైనక్స్ వేసిచ్చింది అతనే. వేసి, మామూలు ఖాతా బావకిచ్చి, రూట్ ఖాతా పాస్‌వర్డ్ మాత్రం తన కడుపులోనే దాచుకున్నాడు. కబురు పంపగానే మర్నాడు వచ్చాడు గానీ, ససేమిరా అన్నాడు.

"రూట్ అంటే అడ్డూ అదుపూ లేని ఖాతా బావా. నువ్వేం చెప్తే అది చేసేస్తుంది. నిజంగా చెరిపెయ్యమంటావా అని కూడా అడగదు. మా ల్యాబులో ఒకాయన దాంట్లోనే పనిచేసి, ఒక్క దెబ్బకి మొత్తం మిషన్ ఊడ్చేశాడు. అసలే నీకు తొందరెక్కువ!"

మైకాయనకు చిర్రెత్తుకొచ్చింది. తెర మీద టకటకా కొట్టాడు. 'ఇందులో నాకు కావలసింది నా గొంతొకటే. అది నా ఖాతాలోనే ఉంది. చెరుపుకోవాలంటే నీ పాస్‌వర్డ్ లేకుండానే చెరుపుకోగలను. మరి నువ్వు కాపలా కాస్తున్నది దేనికి?'

బావమరిది బుర్ర గోక్కున్నాడు. "మిషన్‌కి."

'మిషన్ పాడైతే మళ్ళీ వేస్తావు. గొంతు?'

"దానికి మా ఇంట్లో ఇంకో కాపీ ఉందిలే. అయినా ఏ ప్రోగ్రాం కావాలో చెప్పరాదూ, నేనే వేసిపెడతాగా?"

మైకాయన లేచి కిటికీ దగ్గరికి పోయాడు.

వంటగదిలోంచి భార్య కేకేసింది. "ఇచ్చెయ్యరా! ఆయనేమన్నా చిన్నపిల్లాడా? ఆయన ఇంట్లో ఆయన నిన్నడగాలా?"

అక్క మాటకు తమ్ముడు మెత్తబడ్డాడు. పాస్‌వర్డ్ చెప్పి, చెప్పులేసుకుంటూ మరీ హెచ్చరించాడు. "పెట్టె అడిగినప్పుడు మాత్రమే కొట్టు. దాంతో రూట్‌గా లోపలికి మాత్రం వెళ్ళకు."

వెళ్ళకుండా ఉంటే ఆయన మైకాయన ఎందుకవుతాడు? మర్నాడు భార్య కొట్టుకు వెళ్ళిందో లేదో, నేరుగా రూట్‌గానే దిగాడు. ఏది నొక్కినా అడిగేవాడు లేడు. ప్రోగ్రాం క్షణాల్లో వేసేసుకున్నాడు. ఛాతీ పొంగింది. పాత మాటల్లో ఒకటి తెరిచి నొక్కాడు.

శబ్దం లేదు.

ఇంకోటి నొక్కాడు. లేదు. స్పీకర్ వైరు పీకి మళ్ళీ గుచ్చాడు, దాని నెత్తిన ఒకటిచ్చాడు. ఒక్కటంటే ఒక్కటీ పలకలేదు. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. ఆపరేషన్ అయిన మర్నాడు నర్సును పిలవబోయి నోరు తెరిస్తే గాలి మాత్రమే వచ్చింది. ఇప్పుడూ అంతే. ఒక మనిషికి గొంతు రెండుసార్లు పోతుందా? బావమరిది దగ్గర కాపీ ఉన్న సంగతి ఆ గాభరాలో గుర్తే రాలేదు. అతనికి ఫోన్లో 'గొంతు పోయింది' అని పంపాడు.

ఆ రెండు మాటలు చదివి బావమరిది ఏమనుకున్నాడో ఏమో, వెంటనే ఫోన్ చేశాడు. మాట్లాడలేని మనిషికి ఫోన్! ఎత్తితే ఇటునుంచి ఊపిరి చప్పుడొకటే. దాంతో అతను స్కూటరెక్కి, దారిలో అక్కని ఎక్కించుకుని వచ్చిపడ్డాడు. ఆవిడ మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

"ఏమైందండీ? ఊపిరాడుతోందా?"

మైకాయన కంప్యూటర్ వైపు చూపించాడు. బావమరిది తెర చూసి కుర్చీలో కూలబడి నవ్వాడు.

"చంపేశావు బావా! రూట్‌గా దిగితే ఇందులో శబ్దం రాదు. దీన్ని కట్టినవాళ్ళే అలా కట్టారు. నీ మాటలెక్కడికీ పోలేదు."

రూట్‌లోంచి బయటికొచ్చి, బావ మామూలు ఖాతాలో దిగి, చేతికందిన మీట నొక్కాడు.

"మంచినీళ్ళు ఇవ్వు," అంది స్పీకర్, బస్టాండంత గట్టిగా.

మగవాళ్ళిద్దరూ ఊపిరి పీల్చుకున్నారు. భార్య మాత్రం వంటగదిలోకి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు పట్టుకొచ్చింది. పరుగున వచ్చిన ఆయాసం ఆవిడకింకా తీరనే లేదు. గ్లాసు ఆయన చేతికిచ్చాక గానీ, అది ఉత్తినే నొక్కిందని ఆవిడకు తట్టలేదు. మైకాయన ఆ నీళ్ళు తాగకుండా బల్ల మీద పెట్టాడు.

బావమరిది తెర మీద కొత్త ప్రోగ్రాం చూసి కనుబొమలెత్తాడు. "ఇది మాటలు కోసేదిగా? దేనికి బావా?"

మైకాయన ఒక మీట నొక్కాడు. "వెళ్ళిరా," అంది స్పీకర్.

"సరే, నాకెందుకులే. పాస్‌వర్డ్ మాత్రం మార్చుకో, నీకు తప్ప ఎవరికీ తెలియనిది పెట్టుకో. నాక్కూడా చెప్పకు," అని అక్కని కొట్టు దగ్గర దింపడానికి తీసుకెళ్ళాడు. మైకాయన పాస్‌వర్డ్ మార్చాడు. మళ్ళీ రూట్‌గా మాత్రం దిగలేదు.

సాయంత్రం దాకా కోస్తూ, అతుకుతూ, వింటూ, చిరాకుపడుతూ, లేచి గది చుట్టూ తిరిగొస్తూ ఉన్నాడు. 'నేను తిన్నాను' లోంచి ఒక ముక్క, బావమరిది కోసం చెప్పిపెట్టుకున్న 'నువ్వు వస్తావా' లోంచి రెండు ముక్కలు. అతుకు దగ్గర చిన్న చిటుక్కు మిగిలిపోయింది. ఎంత రుద్దినా పోలేదు.

ఆవిడ వచ్చి, వండి, ఆయనకు కంచం పెట్టి, అలవాటుగా వంటగదిలోకి తిరిగింది. మైకాయన మీట నొక్కాడు.

"నువ్వు తిన్నా... వా?"

ఆవిడ ఆగి, ఆయన వైపు కాక స్పీకర్ వైపు చూసింది. "ఈ మాట ఎప్పుడు చెప్పి పెట్టుకున్నారు?" అంది. చేతులు కొంగుకు తుడుచుకుని, "ఇంకా లేదండీ," అంది.

దాని తర్వాత అనవలసిన మాట మైకాయన తయారుచేసుకోలేదు. మీటల మీద వేళ్ళు అటూ ఇటూ వెతికాయి. ఇవ్వు, పెట్టు, తగ్గించు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, పక్క కుర్చీ ఆవిడ కోసం లాగాడు.